గాలి మోసే సుద్ది

మనం నిత్యం వాడే మాటల్లో కొన్నింటిని అడవి ఇంకా వదలలేదు. "పసిగట్టడం" అటువంటి మాట. పోలీసులు దొంగల పన్నాగాన్ని పసిగట్టినారని పత్రికల్లో వ్రాస్తారు. కోడలు అత్తగారి మనసును పసిగట్టినదని కథల్లో వ్రాస్తారు. "పసి" అంటే వాసన. పసిబిడ్డలోని పసి వేరు, పసులకాపరిలోని పసి వేరు. పసిగట్టడమంటే కంటికి కనబడనిదానిని గాలిలో వచ్చే వాసనను బట్టి తెలుసుకొనడం. ఈ మాట మొదట మృగానిది, వేటకుక్కది. మనిషి దానిని తర్వాత అరువు తెచ్చుకొన్నాడు.

మృగం తనను పసిగట్టకుండా ఎట్లా మెలగవలెనన్నది వేటగాని చదువు. మృగం తనను తప్పక పసిగట్టేటట్లు ఎట్లా చేయవలెనన్నది చేను కాచుకొనే రైతు చదువు. రెండు చదువులకూ పాఠ్యగ్రంథం ఒక్కటే, గాలి. ఈ రెండింటి గురించి నేను విన్నదీ చదివినదీ కొంత, మా ఆలూరు వైపు ఒక రైతుకు వచ్చిన చిక్కు కొంత, ఇక్కడ వ్రాస్తున్నాను.

మా సీమ తెలియని మిత్రులకు ఒక మాట. ఆలూరు కర్నూలు జిల్లాకు పడమటి కొసన, బళ్ళారికి దగ్గరగా ఉన్న ఊరు. నల్లరేగడి నేల. చెట్టు తక్కువ, గాలి ఎక్కువ. వాన ఎప్పుడు వచ్చేదీ ఎవరూ చెప్పలేరుగాని, ముంగారు నెలల్లో పడమటి గాలికి మాత్రం కొదువ ఉండదు. ఇప్పుడు ఆ గాలిని పట్టి కరెంటు తీసే గాలిమరలు ఆస్పరి చుట్టుపట్ల నిలిచినవి. నా చిన్నతనంలో, అంటే 1960లలో, ఆ గాలిని చదవగలిగిన మనిషి మా ఊళ్ళో ఒక బోయ తాత. విజయనగర కాలం నుంచి సైన్యాలలో పేరు గడించిన బోయలకు మా వైపు వేట తాతతండ్రుల నాటి విద్య. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకమునుపు ఆ తాత దేవరగట్టు కొండల వైపు, వంకల్లోని కంపపొదల వైపు అడవిపందుల కోసం పోయేవాడు. మేము పిల్లలం ఆయన చుట్టూ చేరి కథలు చెప్పమని వేధించేవాళ్ళం. ఆయన కథలు చెప్పేవాడు కాదు, పాఠం చెప్పేవాడు.

"గాలి నీ మొగానికి కొట్టాల అబ్బీ. ఈపుకు కొట్టిందంటే, నువ్వు పోకముందే నీ సుద్ది పోయినట్లే" అనేవాడు.

సుద్ది అంటే మా వైపు కబురు, వార్త. కన్నడ సరిహద్దు గనుక మాట రెండు భాషలకూ చెల్లుతుంది. మనిషి వాసనకు ఇంతకంటె తగిన మాట నేను ఏ గ్రంథంలోనూ చూడలేదు. మనిషి రాకమునుపే వచ్చే మనిషి వార్త అది.

వేటకు పోయే ముందు దినం ఆ తాత సబ్బు ముట్టడు. తలంటుకోడు. ఉల్లి, వెల్లుల్లి, కల్లు మానేస్తాడు. బీడీకట్ట ఇంట్లోనే ఉంటుంది. ఆ రాత్రి పడక గొర్రెల దొడ్డిలో. తెల్లవారుజామున పాత గొంగడి కప్పుకొని బయలుదేరుతాడు. ఆ గొంగడి ఏనాడూ నీళ్ళు చూడలేదు. "ఉతికితే మనిషి కంపు కొడతాది" అనేవాడు. శుభ్రం గురించి బడిలో మేము నేర్చిన పాఠానికి ఇది పూర్తిగా తలకిందులు. ఆలోచిస్తే తాత మాటే తర్కానికి నిలుస్తుంది. గొర్రెలమంద దినమూ తిరిగే బీళ్ళలో గొర్రె వాసన వింత కాదు. సబ్బు వాసన వింత.

గాలిని చూడడానికి ఆయనకు రెండు పరికరాలు. ఒకటి, పిడికెడు దుమ్ము. రెండవది, జిల్లేడుకాయ పగిలినప్పుడు వచ్చే దూది. గాలి బాగా వీచేటప్పుడు దుమ్ము చాలు. గాలి నిలిచిపోయినట్లు తోచినప్పుడు దుమ్ము నేరుగా రాలుతుంది, ఏమీ చెప్పదు. జిల్లేటి దూది అప్పుడు కూడా ఎటో ఒకవైపు మెల్లగా జరుగుతుంది. నిలిచిన గాలి అనేది మన చర్మానికి తోచే భ్రమ మాత్రమే.

ప్రబంధాలలో వేట వర్ణనలకు లోటు లేదు. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట తెలుగు చదివినవారందరికీ తెలిసినదే. అది రాజుల వేట. కుక్కలుంటవి, వలలుంటవి, అడవిని చుట్టుముట్టే జనముంటారు. రాజుకు తన వాసన దాచుకొనే అవసరం లేదు. పైగా మృగాన్ని తోలేవారి కేకతో పాటు వారి వాసన కూడ గాలివాలున పోయి, దానిని రాజు ఎదుటికి నెట్టుతుంది. ఒంటరిగా, కాలినడకన, గొంగడి కప్పుకొని పోయే పేదవాని వేటలోని ఈ వాసన విద్య నేను చదివిన ప్రబంధాలలో అంతగా కనబడలేదు. మనుస్మృతి మృగయను కామం వల్ల పుట్టే వ్యసనాలలో చేర్చినది. రాజుకు అది వ్యసనం. మా బోయ తాతకు అది కూడు.

కావ్యాలు వదలిన విషయాన్ని నిఘంటువు పట్టుకొన్నది. గాలికి అమరకోశం ఇచ్చిన పేర్లలో "గంధవహుడు" ఒకటి, అంటే వాసనను మోసేవాడు. తర్కశాస్త్రం ఈ సంగతిని ఇంకొంచెం నిక్కచ్చిగా చెబుతుంది. గంధం భూమి గుణం. గాలికి సొంతంగా వాసన లేదు, స్పర్శ మాత్రమే ఉన్నది. గాలిలో వాసన తెలిసినదంటే ఆ గాలి భూమికి చెందిన కణాలను మోసుకొని వస్తున్నదని అర్థం. నేటి విజ్ఞానం చెప్పేది దీనికి దూరం కాదు. మన ఒంటి నుంచి చర్మపు సన్నని పొరలు ఎడతెగక రాలుతుంటవి. చెమట పుట్టినప్పుడు దానికి వాసన దాదాపు ఉండదు. చర్మం మీద నివసించే సూక్ష్మజీవులు దానిని విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది. కాబట్టి ఎంత తోముకొన్నా అది తాత్కాలికమే. బ్రతికి ఉన్నంత కాలం మనిషి గాలిలోకి తన వార్తను పంపుతూనే ఉంటాడు.

మైదానంలో గాలి దారి కొంత సూటిగా ఉంటుంది. కొండల్లో అట్లా కాదు. నల్లమల వంటి చోట ఉదయం ఎండ పడి వాలు వేడెక్కిన తర్వాత గాలి లోయ నుంచి మీదికి ఎక్కుతుంది. సాయంత్రం నేల చల్లబడగానే గాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది. అందువల్ల పగటివేళ మృగానికి పైన, సాయంత్రం మృగానికి కింద ఉండడం వేటగానికి మేలు. నల్లమల చెంచులు విల్లమ్ములతో వేటాడినవారు. బాణానికి తుపాకి దూరం అందదు. మృగం ఆకు నమిలే చప్పుడు వినబడేంత దగ్గరకు పోవలసినవారికి గాలి పట్టింపు ఎంత ఉండవలెనో ఊహించుకొనవచ్చు.

ఈ కాలపు వేటగాళ్ళు ఈ పనిని అంగడికి అప్పగించినారు. అమెరికాలో దుప్పులను వేటాడేవారి కోసం వాసన లేని సబ్బులు, మనిషి వాసనను పీల్చుకొంటుందని చెప్పే బొగ్గు పొర కలిగిన దుస్తులు అమ్ముతారు. ఆ దుస్తులను 2002లో ప్రచురించిన ఒక పరిశోధనలో వెదకులాట కుక్కలతో పరీక్షించినారు. ఆ దుస్తులు వేసుకొని దాగినవారిని కూడ కుక్కలు కనిపెట్టినవి. వాసనను చెరపడం ఎవరి తరమూ కాదు. మా తాత ఆ ప్రయత్నమే చేయలేదు. ఆయన తన వాసనను గొర్రె వాసనలో ముంచినాడు, మిగిలినదానిని గాలికి ఎదురునడిచి వెనక్కు పంపినాడు.

వేటాడేది మృగమైతే ఈ లెక్క ఎట్లా మారుతుందో జిమ్ కార్బెట్ చెప్పినాడు. కుమావూ నరభక్షక పులుల గురించి 1944లో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక గమనిక ఉన్నది. పులి తన ఆహారమైన జంతువుల దగ్గరకు గాలికి ఎదురుగా పోతుంది, లేదా తన వాసన వాటికి తగలని వైపున పొంచి ఉంటుంది. మనిషికి పసిగట్టే శక్తి లేదన్న సంగతి పులికి తెలియదు. కాబట్టి మనిషిని కూడ అదే మర్యాదతో వేటాడుతుంది! దీనివల్ల కార్బెట్‌కు ఒక ఆధారం దొరికినది. గాలి ఎటు వీస్తున్నదో తెలిస్తే అపాయం ఎటు పొంచి ఉన్నదో తెలుస్తుంది. గాలి మొగానికి కొడుతూంటే పులి వీపు వెనుక ఉండవచ్చు. అందుకని ఆయన నేరుగా నడవక, గాలికి అడ్డంగా ఇటు కొంత అటు కొంత వంకరగా నడిచి, అపాయాన్ని కుడి ఎడమలకు తెచ్చుకొనేవాడు. మా తాత సూత్రాన్ని నరభక్షక పులి ఉన్న అడవిలో పాటిస్తే ప్రాణానికి ముప్పు. పుస్తకం అదే, చదివే వైపు మారినది.

ఇక రైతు చదువుకు వస్తాను.

నా దగ్గర తొమ్మిదవ తరగతి చదివిన ఒకడు, ఇప్పుడు నలభై దాటినవాడు, పోయిన ఏడు మా ఇంటికి వచ్చినాడు. ఆరెకరాల నల్లరేగడి, అప్పు చేసి వేసిన పత్తి. మా వైపు కృష్ణజింకలు మందలుగా తిరుగుతవి. అడవి అనేది లేదు గనుక చేలే వాటి బీళ్ళు. మొలక రెండాకులు వేసేసరికి వచ్చి మేసిపోతవి. తొక్కినది తిన్నదానికంటె ఎక్కువ.

"రెండు తూర్లు విత్తితిమి సార్. రెండు తూర్లూ మొలక మీదనే పోయింది" అన్నాడు. "మా చిన్నాయన వాళ్ళు నల్లమల పక్క ఉంటారు. ఆడ పందులకు ఎంట్రుకలు చల్లుతారంట. నేనూ మంగలి షాపులన్నీ తిరిగి రెండు గోతాలు తెచ్చి గట్టు పొడుగునా చల్లితిని. జింకలు దాని మీదనే నడిచి వచ్చినాయి."

ఎంట్రుకల సంగతి వట్టిది కాదు. రాజేంద్రనగరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అడవిపందుల బెడదకు సూచించిన ఉపాయాల్లో అది ఒకటి. పంది చూపు అంతంత మాత్రం. దాని లోకమంతా ముక్కు చివర ఉన్నది. నేలను మూచూస్తూ, ముట్టెతో తవ్వుతూ వచ్చే జంతువుకు గట్టు మీదనే మనిషి వాసన తగులుతుంది, ఎంట్రుకలు ముక్కులోకి పోయి చీకాకు పెడతవి. వాసన తగ్గగానే మళ్ళీ చల్లవలె. వేటగాడు దాచుకొన్నదానిని రైతు గోతాల కొద్దీ వెదజల్లుతున్నాడన్న మాట.

కాని జింక పంది కాదు. ఇఱ్ఱి, లేడి అని మగదానికీ ఆడదానికీ వేరు వేరు పేర్లు పెట్టి మనవారు చూసుకొన్న ఈ జంతువు మైదానపు జీవి. దానికి ముందు పనిచేసేది కన్ను. బయలు నేలలో దూరం నుంచే చూసి, ఒక్కటి ఎగిరితే మంద అంతా ఎగిరి పోతుంది. పూర్వం రాజులూ నవాబులూ మచ్చిక చేసిన చీతాలతో జింకలను వేటాడించేవారు. చీతాను ఎద్దులబండి మీద తీసుకొనిపోయేవారు. పొలాల్లో ఎద్దులబండి జింకలకు అలవాటైన దృశ్యం గనుక అవి దానిని చూసి పరుగెత్తేవి కావు. అక్కడ దాచవలసినది ఆకారం. మావాడు కంటికి చెప్పవలసిన మాట ముక్కుకు చెప్పబోయినాడు. అది చెవిటివాని ముందు పాఠం చదివినట్లు అయినది.

ఇదంతా చెప్పినాను. వాడు తల వంచుకొని విన్నాడు, బడిలో విన్నట్లే. తర్వాత అసలు మాట బయటపెట్టినాడు.

"మా బామ్మర్ది కరెంటు తీగె లాగమంటాడు సార్. ఒక్క రాత్రి పెడితే సాలంట, మల్ల ఆ దిక్కు రావంట. మీరేమంటారు?"

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉన్నది. చంపితే మూడేండ్లకు తక్కువ కాకుండా ఏడేండ్ల వరకు జైలు. ఇవన్నీ వాడికి తెలుసు. తెలిసే వచ్చినాడు. అందుచేత చట్టం ఎత్తలేదు. "ఆ తీగెకు కన్ను లేదు, ముక్కు లేదురా" అన్నాను. "జింక ఏది, గొర్రె ఏది, తెల్లవారుజామున నీ చేను మీదుగా పోయే పొరుగు మనిషి ఎవరు అని అది చూసి పట్టుకోదు. నీ కొడుకు సెలవులకు వచ్చినప్పుడు చేనికి పోతాడా, పోడా?" అటువంటి తీగెలకు మనుషులు బలైన వార్తలు మనం చదువుతూనే ఉన్నాము. వేటగాడైనా తన ఎదుట ఉన్నది ఏమిటో చూసి కొడతాడు. తీగె మొగం చూడదు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నా చేను ఎవరు కాస్తారు సార్?" అన్నాడు చివరకు. దానికి నా దగ్గర శ్లోకం లేదు.

ఆ తర్వాత ఒక పరిశోధన గురించి చదివినాను, ఈ సంగతి మనసులో మెదలుతున్నందువల్ల అది గట్టిగా పట్టుకొన్నది. ఏనుగుకు ఘ్రాణశక్తి అపారం. 2014లో జపాను శాస్త్రవేత్తలు లెక్కించగా, వాసనను గుర్తించే జన్యువులు ఆఫ్రికా ఏనుగులో సుమారు 2000, కుక్కలో 800, మనిషిలో 400 అని తేలినది. అంతకుముందే, 2007లో, కెన్యాలోని అంబోసెలిలో ఒక ప్రయోగం జరిగినది. అక్కడ మసాయి యువకులు ఏనుగులను బల్లేలతో పొడుస్తారు. కాంబా తెగవారు సేద్యగాళ్ళు, వారితో ఏనుగులకు అంత వైరం లేదు. మసాయి మనిషి కొన్ని దినాలు కట్టిన బట్టను, కాంబా మనిషి అట్లే కట్టిన బట్టను ఏనుగుల దారిలో ఉంచినారు. రెండింటికీ రంగు ఒక్కటే. మసాయి బట్ట వాసన తగిలినప్పుడు ఏనుగులు ఇంకా వేగంగా, ఇంకా దూరంగా పారిపోయినవి. అంటే గాలి మోసే సుద్దిలో "మనిషి వస్తున్నాడు" అన్న ఒక్క ముక్కే లేదు. ఏ మనిషి, అతనివారు మనకేమి చేసినారు అన్నది కూడ ఉన్నది.

సంస్కృతంలో వాసన అన్న మాటకు రెండవ అర్థమొకటి ఉన్నది. పూర్వానుభవం చిత్తం మీద వదలి పోయిన ముద్రను వాసన అంటారు. పూర్వజన్మ వాసన అని మనం అనేది ఆ అర్థంలోనే. పాఠాలు చెప్పే రోజుల్లో ఈ రెండర్థాలకూ ఉన్న చుట్టరికాన్ని మల్లెపూలు తీసివేసిన బుట్టను చూపి వివరించేవాడిని. ఇప్పుడైతే ఏనుగును చూపుతాను. మన ఒంటి వాసన గాలిలో పోతుంది. మనం చేసిన పనుల వాసన ఆ మృగం చిత్తంలో ఉంటుంది. ఈ రెండూ కలిసినప్పుడు పుట్టేది భయం. సబ్బుతో మొదటిదానిని కొంత కడగవచ్చు. రెండవదానిని కడగడానికి తరాలు పడుతుంది.

ఇంతకు మించినది నా ఊహ మాత్రమే. మావాని గట్టు మీద జింకలు ఎంట్రుకలను తొక్కి రావడానికి కన్ను ముక్కుల తేడా ఒక కారణం. మరొకటి, వాటిలో చాలావాటికి మనిషి వాసనతో తుపాకి జ్ఞాపకం ముడిపడి ఉండదు. చట్టం వచ్చి యాభై ఏండ్లు దాటినది. జింకకు అది ఎన్నో తరాల లెక్క. మన వాసనలోని భయం కొద్దికొద్దిగా కడుక్కొని పోతున్నది. ఇది మంచి మాటే, నేను సంతోషించే మాటే. కాని ఆ కడిగిన నీళ్ళు ఎవరి చేలో పారుతున్నవో కూడ చూడవలె. జింకను కాపాడుకొన్నామన్న పేరు మనందరిదీ. దాని మేత ఖర్చు ఆరెకరాలవానిది. ఈ లెక్క సరిచేయనంత కాలం తీగె లాగమనే బావమరదులు ఊరికొకరు ఉంటూనే ఉంటారు.

మావాడు తీగె లాగలేదు. పత్తి అదును దాటిపోగా మూడవసారి కంది విత్తినాడు. ఇంటిలోని పాత చీరలు, రంగు రంగులవి, చేను చుట్టూ కట్టినాడు. జింకలు నాలుగు దినాల్లో వాటికి అలవాటు పడుతున్నట్లు కనిపెట్టి, చీరల చోట్లు మార్చుతూ వచ్చినాడు. పక్క చేలవారు ముగ్గురు కలిసి వంతుల వారీగా మంచె మీద రాత్రులు కాచినారు. పంట పూర్తిగా దక్కలేదు, పూర్తిగా పోలేదు. అప్పు మాత్రం అట్లే ఉన్నది.

మిత్రులకు రెండు విన్నపాలు. గాలిని, వాసనను గురించి మీ వైపు వేటగాళ్ళూ కాపరులూ వాడే మాటలు ఏమైనా ఉంటే వ్రాయగలరు. మా తాత "సుద్ది" వంటివి ఇంకా ఎన్నో ఉండి ఉంటవి. జింకల బెడదకు మీ ఊళ్ళో నిజంగా పనిచేసిన ఉపాయం ఏదైనా ఉంటే మాత్రం ముందు అది వ్రాయండి. మాటల సంగతి తీరికగా చూచుకొందాము. ఈ ఏటి విత్తనానికి అదును దగ్గర పడినది, మావాడు నిన్న కూడ ఫోను చేసి అడిగినాడు.